68 పైసల మోత: ఒక గంజాయి కేసులో ఎవరి బాధ్యత ఎంత

ఒకే రోజు, ఒకే కోర్టు వరండాలో, గంట తేడాతో ఇద్దరు నాతో దాదాపు ఒకే మాట అన్నారు.

ముందు మాట్లాడింది హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వచ్చిన తండ్రి. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాడు. కొడుకు ఇంజనీరింగ్ మార్కుల జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తెచ్చాడు. "మా వాడు తాగుతాడు మేడమ్, అబద్ధం చెప్పను. కానీ అమ్మేవాడు కాదు. అమ్మేవాళ్లను వదిలేసి పిల్లల మీద పడితే ఎలా?" అన్నాడు.

తర్వాత ఏజెన్సీ నుంచి దిగొచ్చిన తల్లి. తెల్లారుజామున బయల్దేరి రెండు బస్సులు మారి వచ్చింది. వరండాలో బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. "మా గుంటడు బస్తా మోశాడమ్మా, అంతే. వాడు ముట్టుకోడు. తాగేవోళ్లు లేకపోతే మోయించేది ఎవులు?" అంది.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరి మాటలోనూ తప్పంతా అవతలివాడిదే.

ఈ కేసులో నేను ఏ3 తరఫు లాయర్ని, అంటే మూడో నిందితుడైన హైదరాబాద్ విద్యార్థి తరఫున. ఏజెన్సీ కుర్రాడు ఏ1. అతని తరఫున న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ నుంచి నా సహచర న్యాయవాది ఒకరు వాదించారు. కేసు ముగిశాక రెండు కుటుంబాలూ సరేనన్నాకే ఇది రాస్తున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) కేసులు చూసే జూనియర్ల కోసం, ఇలాంటి పరిస్థితిలో ఉన్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను.

పట్టుబడింది 2022 మార్చిలో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని గుట్టలు పోసి తగలబెట్టారు. అంతకుముందు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో విశాఖ ఏజెన్సీలో 7,500 ఎకరాలకు పైగా తోటలు నరికించారు. అంత పంట పోయిన కొన్ని వారాలకే మా కేసు నమోదైంది. సరుకు ఒడిశా వైపు నుంచి కాలినడకన వచ్చింది. తోట నరికితే పంట ఆగింది గానీ, హైదరాబాద్ హాస్టల్లో ఆర్డరు ఆగలేదు. ఈ వైపు దొరకనిది సరిహద్దు దాటి తెప్పించుకున్నారు.

ఘాట్ రోడ్డు దిగువన, చింతచెట్టు కింద, ఏ1 రెండు గోనె సంచులతో బండి కోసం ఎదురుచూస్తున్నాడు. సంత రోజు కాబట్టి పైన చింతపండు పరిచారు. దాని కింద బ్రౌన్ టేపు చుట్టిన 11 ప్యాకెట్లు. కాస్త ముందు బైక్ మీద పైలట్ ఉన్నాడు. దారి చూసి కబురు చెప్పేవాణ్ని ఇక్కడ పైలట్ అంటారు. పోలీసులను చూడగానే అతను బండి వదిలి కొండలోకి పారిపోయాడు. అతనే ఏ2. బండి నంబరు తప్పుడుది. ట్యాంకు కవర్లో ఫోన్ మాత్రం దొరికింది. అందులో మా ఏ3 నంబరు, నాలుగు విడతల్లో వచ్చిన 16,000 రూపాయల యూపీఐ చెల్లింపులు ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత హాస్టల్ గదిలో సోదా. ప్రొటీన్ పౌడర్ డబ్బాలో 180 గ్రాముల గంజాయి, చిన్న చిన్న జిప్ కవర్లు, బంగారు కొట్లలో ఉండేలాంటి బుల్లి తూకం మిషన్. 180 గ్రాములైతే తాగేవాడని చెప్పుకోవచ్చు. ఆ జిప్ కవర్లు, తూకం మిషన్ చూశాక ఆ మాట ఎవరు నమ్ముతారు?

ఈ చట్టానికి ముందు బరువు కావాలి. ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. 2001 నోటిఫికేషన్ ప్రకారం గంజాయి ఒక కిలో లోపైతే చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. మొదటిదానికి గరిష్ఠంగా ఏడాది శిక్ష. రెండోదానికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20. మధ్యలో ఉంటే 10 ఏళ్ల వరకు. వాణిజ్య పరిమాణమైతే 37వ సెక్షన్ అడ్డం వస్తుంది. నిందితుడు నేరం చేయలేదనడానికి తగిన కారణాలున్నాయని, బయటికొస్తే మళ్లీ చేయడని జడ్జికి నమ్మకం కుదిరితే తప్ప బెయిల్ ఇవ్వకూడదు. కేవలం తాగినందుకైతే 27వ సెక్షన్. గంజాయి విషయంలో ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 వరకు జరిమానా, లేదా రెండూ.

సరుకు పట్టుకున్న చోట సాక్షుల ముందు రాసే మధ్యవర్తుల నివేదికలో బరువు "కవర్లు, టేపుతో సహా 22 కిలోల 100 గ్రాములు" అని రాశారు. ఏ1 చేతిలో దొరికింది అంత. ఏ3 చేతిలో 180 గ్రాములే అయినా, 29వ సెక్షన్ కింద కుట్ర అన్నారు కాబట్టి మొత్తం బరువు అతని నెత్తిన కూడా పడింది.

ఇక్కడ నేను చేసిన పని ఒకటి చెప్పాలి. మొదటి బెయిల్ పిటిషన్లో ఇలా రాశాను: "నా క్లయింటు కేవలం వినియోగదారుడు. అసలు నేరస్థులు ఏ1 లాంటి సరఫరాదారులు." ఇలాంటి వాక్యం ఈ కేసుల్లో అందరం రాస్తాం. నేనూ అలవాటుగా రాసేశాను. మూడు వారాల తర్వాత ఏ1 బెయిల్ పిటిషన్ విచారణకు వచ్చింది. "సహనిందితుడే ఇతన్ని సరఫరాదారుడని చెబుతున్నాడు" అంటూ ప్రాసిక్యూటర్ నా వాక్యాన్నే చదివారు. ఆ బెయిల్ కొట్టేశారు. 37వ సెక్షన్ ఉంది కాబట్టి ఎలాగూ వచ్చేది కాదని సహచరుడు నాతో అన్నారు. అయినా ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయాను. 19 ఏళ్లవాడు. బ్యాంకు ఖాతా లేదు, ఫోన్ లేదు. అతన్ని సరఫరాదారుడని సంతకం పెట్టి మరీ రాసింది నేను.

ఆ తర్వాతే కేసు కాగితాలు ముందేసుకుని డబ్బు లెక్క కట్టాను.

ఏ3 మొదటి సంవత్సరంలో హాస్టల్ డాబా మీద ఒక సీనియర్ ఇచ్చిన జాయింట్‌తో మొదలుపెట్టాడు. రెండో సంవత్సరానికి రోజూ కావాల్సి వచ్చింది. 5 గ్రాముల పొట్లం 300 రూపాయలు. ఇంటి నుంచి వచ్చే డబ్బు చాలలేదు. అప్పుడు అదే సీనియర్ దారి చూపించాడు: "కిలోల్లో తెప్పించు, సగం జూనియర్లకు ఇచ్చెయ్, నీది నీకు ఫ్రీగా పడుతుంది." ఎనిమిది మంది కాంట్రి వేసుకున్నారు, తలా 2,000. ఆ 16,000తో 2 కిలోలు. అప్పటికే రెండుసార్లు తెప్పించారు, ఇది మూడోసారి. జూనియర్లకు ఇచ్చే పొట్లం 300. "అమ్మలేదు మేడమ్, షేర్ చేసుకున్నాం" అని జైల్లో ములాఖత్‌కు వెళ్లినప్పుడు నాతో అన్నాడు. అబద్ధం ఆడుతున్నట్టు అనిపించలేదు. అతని మనసులో అది నిజంగానే అమ్మకం కాదు.

ఏ1కు ఆ రెండు సంచులు దించినందుకు 3,000 ఇస్తామన్నారు. కాఫీ తోటలో పనికెళ్తే రోజుకు 300 వస్తుందని, అది కూడా ఏడాది పొడవునా ఉండదని వాళ్లమ్మ చెప్పింది.

22 కిలోలంటే 5 గ్రాముల చొప్పున 4,400 పొట్లాలు. 3,000ని 4,400తో భాగిస్తే 68 పైసలు.

హాస్టల్లో 300 పెట్టి కొన్న పొట్లంలో దాన్ని మోసినవాడి కూలి 68 పైసలు. ఏ3 దాన్ని కొన్న ధర 40 రూపాయలు. మిగతా 260 హాస్టల్ వరండాలోనే ఉండిపోతోంది. అందులో కొంత పొగైపోయింది, కొంత మళ్లీ ఆర్డరుగా వెళ్లింది. ఈ లెక్క చూసేదాకా 'వినియోగదారుడు' ఒక వైపు, 'సరఫరాదారుడు' ఇంకో వైపు ఉంటారనే నేనూ అనుకున్నాను. మా కేసులో అన్నిటికంటే పెద్ద మార్జిన్ మిగిలింది తాగేవాడి దగ్గర.

కాగితం మడిచి ములాఖత్‌కు పట్టుకెళ్లాను. ఏ3 అకౌంటెంట్ కొడుకు, లెక్క వెంటనే అర్థమైంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి "ఆ అబ్బాయికి ఎన్నేళ్లు?" అని అడిగాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంది అభియోగాలు చదివిన రోజు. ఏ3 అప్పటికి బెయిల్ మీద ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఏ1ను జైలు నుంచి ఎస్కార్టు తీసుకొచ్చింది. బోనులో పక్కపక్కన నిలబెట్టారు. ఏ1 మా సహచరుడి వైపు వంగి, చిన్నగా, "ఈ అన్న ఎవరు సార్?" అని అడిగాడు. కుట్ర కేసులో మొదటి నిందితుడు మూడో నిందితుడు ఎవరని అడుగుతున్నాడు. ఏ3 తల దించుకున్నాడు. బయటికి వచ్చేదాకా ఎత్తలేదు.

ఏ1ను కడిగిన ముత్యమని నేను చెప్పబోవడం లేదు. సంచిలో ఏముందో అతనికి తెలుసు. అంతకుముందు మూడుసార్లు దించాడని సహచరుడికి తనే ఒప్పుకున్నాడు. చింతపండు పైన పరిచింది ఎందుకో కూడా తెలుసు. పేదరికం వల్ల అతని బాధ్యత తగ్గుతుంది, పోదు. ఏ3 విషయం కూడా అంతే. రెండో సంవత్సరం చివరికి అతనికి నిద్ర పట్టాలన్నా, అన్నం సయించాలన్నా గంజాయి కావాలి. అది జబ్బే, డాక్టరు రాసిచ్చారు. కానీ జిప్ కవర్లు కొన్నది జబ్బు కాదు. జూనియర్ గది తలుపు కొట్టింది జబ్బు కాదు.

బాధ్యత కొలవాల్సి వస్తే నేను బరువు చూడను. రెండు విషయాలు చూస్తాను. వద్దు అనే వీలు ఎవరికి ఎంత ఉంది, ఎవరికి ఎంత మిగిలింది. ఏ1కు వద్దనే వీలు తక్కువ, మిగిలిందీ తక్కువే. ఏ3కు మొదటి సంవత్సరంలో వీలు పూర్తిగా ఉంది, రెండో సంవత్సరానికి తగ్గిపోయింది. ఏ2కు, అతని వెనక డబ్బు పెట్టినవాడికి వీలూ ఉంది, లాభమూ ఉంది. అక్రమ రవాణాకు డబ్బు పెట్టినవాళ్లకు 27-ఏ సెక్షన్ కింద 10 నుంచి 20 ఏళ్ల శిక్ష ఉంది. మా చార్జిషీటులో ఆ సెక్షన్ లేదు. సరుకు ఎవరిదో చెప్పాల్సిన చోట "గుర్తు తెలియని వ్యక్తి" అని ఉంది.

ఇక మిగిలింది కాంట్రి వేసిన ఏడుగురు. నా మనసులోంచి పోనిది వీళ్ల సంగతే. ఏడుగురిలో ఎవరూ వ్యసనపరులు కారు, శని ఆదివారాల్లో సరదాగా తాగేవాళ్లు. ఇంటి దగ్గర ఏ ఇబ్బందీ లేనివాళ్లు. మొత్తం గొలుసులో వద్దు అనడానికి అందరికంటే ఎక్కువ వీలున్నది వాళ్లకే. చార్జిషీటులో వాళ్లు ప్రాసిక్యూషన్ సాక్షులు. డబ్బు ఇచ్చినవాళ్లు సాక్షులు, పోగుచేసినవాడు నిందితుడు. క్రాస్‌లో ఒకబ్బాయిని "ఆ 2,000 దేనికి ఇచ్చారు?" అని అడిగాను. "అరకు ట్రిప్‌కి మేడమ్" అన్నాడు. నా క్లయింటుకు ఆ జవాబు మంచిదే, కాబట్టి అక్కడితో ఆపేశాను. వాళ్లను కూడా జైల్లో పెట్టాలని నేను కోరను. కానీ వాళ్లకు ఇప్పటికీ ఈ కేసు తమది కాదనే ఉంది. వాళ్ల తల్లిదండ్రులకు అసలు తెలియనే తెలియదు.

ఈ కొట్లాట దేశాల మధ్య కూడా నడిచింది. పండించే దేశాలు తాగే దేశాలను, తాగే దేశాలు పండించే దేశాలను ఏళ్ల తరబడి తిట్టుకున్నాక, 1998లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక సమావేశం మాదకద్రవ్యాల సమస్య అందరి ఉమ్మడి బాధ్యత అని ప్రకటించింది. ఉమ్మడి అన్నారు గానీ ఎవరి వాటా ఎంతో తేల్చలేదు. మా వరండాలోనూ అదే జరిగింది.

విచారణ సంగతి. పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. 2020లో సుప్రీంకోర్టు తూఫాన్ సింగ్ తీర్పు ఇచ్చాక, ఎన్‌డీపీఎస్ కింద అధికారాలున్న మిగతా శాఖల అధికారులు తీసుకున్న వాంగ్మూలాలకూ అదే వర్తిస్తోంది. కాబట్టి ఏ3 మీద మిగిలింది ఫోన్లో మెసేజీలు, చెల్లింపులు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం చెల్లాలంటే కావాల్సిన 65-బి సర్టిఫికెట్‌ను మెసేజీలకు సరిగ్గా జతచేయలేదు. 22 కిలోల సంగతి అతనికి తెలుసనడానికి ఆధారమూ లేదు. హైకోర్టు అయిదో నెలలో బెయిల్ ఇచ్చింది.

ఏ1కు 19వ నెలలో బెయిల్ వచ్చింది. ఇద్దరు జామీనుదార్లను తెమ్మన్నారు. ఊళ్లో ఎవరిని అడిగినా గంజాయి కేసు అనగానే భయం. ఇద్దరు దొరికేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఒకే కేసు, ఒకే అభియోగం. ఒకరు అయిదు నెలలు, ఇంకొకరు 21 నెలలు లోపల ఉన్నారు. తేడా తెచ్చింది ఎక్కువగా లాయర్ ఫీజు, జామీను.

బరువు గురించి మా సహచరుడు గట్టిగా పట్టుబట్టారు. 52-ఏ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు ముందు ఇన్వెంటరీ, అంటే పట్టుకున్న సరుకు జాబితా చేయాలి. ఎనిమిది నెలలు ఆలస్యంగా చేశారు. టేపు, కవర్లు తీసి తూస్తే 19 కిలోల 400 గ్రాములు తేలింది. సరుకు ఆరిపోయి తగ్గిందని ప్రాసిక్యూషన్ చెప్పింది. పట్టుకున్న రోజు అసలు బరువు ఎంతో రుజువు కాలేదని కోర్టు సందేహ లాభం ఇచ్చింది. వాణిజ్య పరిమాణం పోయింది. కనీసం పదేళ్లు పడాల్సిన చోట రెండేళ్ల శిక్ష, 10,000 జరిమానా పడింది. అప్పటికే గడిపిన 21 నెలలు పోగా మిగిలిన మూడు నెలలకు ఏ1 మళ్లీ లోపలికి వెళ్లాడు. జరిమానా డబ్బు కోసం వాళ్లమ్మ మేకలు అమ్మింది.

ఏ3 మీద కుట్ర నిలబడలేదు. 180 గ్రాముల విషయంలో 64-ఏ సెక్షన్ వాడాం. చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలో చికిత్సకు వెళ్లి పూర్తిచేస్తే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. 17 ఏళ్ల ప్రాక్టీసులో ఈ సెక్షన్ కింద నేను వేసిన పిటిషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లాయర్లం గుర్తు చేయం, తల్లిదండ్రులు రికార్డులో 'వ్యసనపరుడు' అని పడుతుందని భయపడతారు. చట్టం తెరిచిపెట్టిన తలుపు అది. జూనియర్లు తప్పకుండా చదవండి.

చికిత్స సాఫీగా సాగలేదు. జైల్లో అయిదు నెలలున్నాడు కాబట్టి మానేసినట్టే అని తండ్రి అనుకున్నాడు. బయటికొచ్చిన రెండో నెలలో మళ్లీ తాగాడు. తండ్రి చెయ్యి చేసుకున్నాడు, తల్లి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. ప్రభుత్వ మానసిక వైద్యశాలలో డాక్టరు గారు మాత్రం కంగారు పడలేదు. ఇలా జరగడం మామూలేనని, తిరిగి రావడమే ముఖ్యమని చెప్పి, వారానికి రెండుసార్లు రమ్మన్నారు. వెళ్లాడు. ఏడాది దాటింది, వెళ్తూనే ఉన్నాడు. దేశంలో ఏడాదిలో ఒక్కసారైనా భంగు, గంజాయి, చరస్ లాంటివి వాడినవాళ్లు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది అని కేంద్రం కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో చెప్పింది. అంతమందిని జైలు పట్టదు. చికిత్సకు వెళ్లిన ఒక్కొక్కరితో ఒక్కో ఆర్డరు తగ్గుతుంది. ఏజెన్సీలో ఒక సంచి కిందికి దిగకపోవడానికి అది కూడా ఒక కారణం అవుతుందని నా నమ్మకం. పిల్లవాడి మీద అనుమానం ఉన్నవాళ్లు కేసు అయ్యేదాకా ఆగకండి. మత్తు మానడానికి సాయం చేసే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

నా పని పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. తాగిన కేసుతో వచ్చే ప్రతి క్లయింటుతో, తండ్రిని బయట కూర్చోబెట్టి, డబ్బు లెక్క రాయిస్తాను. ఎంత ఇచ్చావు, ఎవరికి ఇచ్చావు, ఎంత మిగిలింది అని. డిఫెన్సుకూ అది కావాలి, ఆ పిల్లవాడికీ కావాలి. రెండోది, పిటిషన్లో సహనిందితుడి మీద తప్పు తోసే వాక్యం రాయను. నా క్లయింటు దగ్గర ఏం దొరికిందో, ఏం రుజువు కాదో మాత్రమే రాస్తాను. దానితో బెయిల్ అవకాశం తగ్గినట్టు ఇప్పటిదాకా నాకు కనిపించలేదు.

ఏ1 విడుదలయ్యాక ఒకసారి మా సహచరుడి ఆఫీసులో కలిశాను. నా పిటిషన్లోని ఆ వాక్యం గురించి చెప్పి, తప్పు చేశానన్నాను. అతనికి పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. "ఆ అన్న మానేశాడా?" అని అడిగాడు. మానేస్తున్నాడని చెప్పాను. రాజ్మా వేశానని, కాఫీ పనికి కూడా వెళ్తున్నానని చెప్పాడు.

ఏ2 మీద కేసు విడగొట్టారు. నాన్ బెయిలబుల్ వారంటు ఉంది. ప్రతి వాయిదాకూ "వారంటు అమలు కాలేదు" అని డాకెట్లో రాసి ఇంకో తేదీ ఇస్తున్నారు. 2 కిలోలు ఏ3వి. మిగతా 20 కిలోలు ఏ ఊరికి, ఎవరి ఆర్డరు మీద వెళ్లాల్సి ఉందో ఆ ఫోన్లో ఉన్న మిగతా నంబర్లను బట్టి తెలిసేది. వాటిలో ఒక్కదాని వెంటా ఇంతవరకు ఎవరూ వెళ్లలేదు.